పట్టు పిలుపు, పురుగు పిలుపు

బస్తర్ అడవులలో తొలకరి వానలు పడిన తరువాత, గుగ్గిలం చెట్ల కొమ్మలకు నెలల తరబడి రాళ్ళవలె వ్రేలాడిన పట్టుకాయలలో చలనం పుడుతుంది. లోపలి ప్రాణి తాను ఊరించిన ద్రవంతోనే కాయ కొనను మెత్తపరచుకొని, సాయంవేళ దాటిన తరువాత మెల్లగా బయటపడుతుంది. ముడతలుపడిన రెక్కలు ఆరి విచ్చుకొనేసరికి అది జానెడు వెడల్పుగల అందమైన చిలుక. ఒక్కొక్క రెక్క మీద అద్దపు బిళ్ళవంటి చుక్క ఉంటుంది. ఇంత అందగత్తెకు తినడానికి నోరు లేదు. గొంగళి పురుగుగా ఉన్ననాడు మేసిన ఆకులే దాని జీవితకాలపు భోజనం. దానికి మిగిలిన ఆయుష్షు వారం పది రోజులకు మించదు.

అయినా అది తొందరపడదు, ఎక్కడికీ ఎగరదు. తాను వెలువడిన కాయనో, పక్క కొమ్మనో పట్టుకొని కదలక కూర్చుంటుంది. పొట్ట చివరనున్న చిన్న గ్రంథిని బయటకు చాచి, మనుష్యుల ముక్కుకు అందని ఒక సువాసనను గాలిలోనికి వదులుతుంది. దూరాన ఎక్కడో ఉన్న మగ చిలుక మీసాలకు ఆ వాసన సోకుతుంది. పక్షి ఈకల వలె రెండు వైపులా చీలికలు తీరిన ఆ మీసాలు దాని ముఖానికి అలంకారాలు కావు, గాలిని జల్లెడపట్టే వలలు.

ఈ చిలుకకు ఊరికొక పేరు ఉన్నది. గ్రంథాలలో టస్సార్, ఛత్తీస్‌గఢ్‌లో కోసా, గోదావరికి ఇటువైపున దసలి. బస్తర్ గుగ్గిలపు అడవులలో తనంతట తాను పెరిగే రకాన్ని ‘రైలీ’ అంటారు. గట్టితనానికి, బరువుకు రైలీ కాయకు పెట్టింది పేరు. దానిని ఎవరూ తోటలలో పెంచరు. అడవిలో ఏరుకొని సంతలో అమ్ముకుంటారు. గిరిజన కుటుంబాలకు ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు ఎటువంటివో ఈ కాయలూ అటువంటివే. ఏ పెట్టుబడీ లేని రాబడి. అయితే ఏరిన ప్రతి కాయా అమ్ముడైపోతే మరుసటి ఏటికి విత్తనం ఉండదు. నాలుగు గోడల మధ్య పెట్టి జతకట్టించబోతే రైలీ మనిషి మాట వినదు. అందుచేత అధికారులు అడవిలోనే శిబిరాలు పెట్టి, విత్తనపు కాయలను దండలుగా గుచ్చి చెట్లకు కట్టించే పద్ధతి వచ్చింది. చిలుకలు అక్కడే వెలువడతాయి, ఆడది పిలుస్తుంది, అడవిలోని మగవి వస్తాయి. తక్కిన పని ప్రకృతిది.

ఆ పిలుపు ఎటువంటిదో శాస్త్రజ్ఞులకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. ఫ్రాన్సు దేశపు కీటక పరిశీలకుడు ఝాఁ హెన్రీ ఫాబ్రె ఇంటిలో ఒక వసంతకాలపు ఉదయాన ‘మహామయూరి’ అనే పెద్దజాతి ఆడ చిలుక ఒకటి గూడు వీడి వెలువడింది. ఆయన దానిని తీగవల బోను క్రింద ఉంచాడు. ఆ రాత్రి తెరచిన కిటికీల గుండా సుమారు 40 మగ చిలుకలు ఇంటిలోనికి వచ్చి పడ్డాయి. ఎనిమిది రాత్రులలో వాటి సంఖ్య 150కి చేరింది. ఆ ప్రాంతంలో ఆ జాతి చాలా అరుదు. అవి ఎక్కడెక్కడి నుండి వచ్చాయో ఊహించవలసిందే. గదిలో ఘాటైన వాసనలు నింపి చూసినా మగవి దారి తప్పలేదు.

జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ 20 సంవత్సరాలు శ్రమించి, మల్బరీ పట్టుచిలుకలలో ఆడవాటిని సుమారు 5 లక్షలు సేకరించి, వాటి గ్రంథుల నుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేశాడు. 1959లో దాని నిర్మాణం లోకానికి వెల్లడి అయింది. దానికి ‘బాంబికాల్’ అని పేరు పెట్టారు. ఆ ఏడే కార్ల్‌సన్, ల్యూషర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇటువంటి పదార్థాలన్నింటికీ ‘ఫెరొమోన్’ అనే పేరు ప్రతిపాదించారు. గ్రీకు భాషలో మోసుకొనిపోవడం, రేకెత్తించడం అనే రెండు అర్థాలను కలిపి కట్టిన మాట అది. మీసంలోని ఒక్క నాడీకణాన్ని కదిలించడానికి ఆ పదార్థపు ఒక్క అణువు చాలునని తరువాతి పరిశోధనలలో తేలింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. వాసన చిక్కబడుతున్న వైపుకే మగ చిలుక నడుస్తుందని చాలామంది అనుకుంటారు. పూల తోటలో మనం చేసే పని అదే కనుక. అడవి గాలిలో వాసన పరచిన తివాచీ వలె ఉండదు. చిరిగిన దారాల వలె ముక్కలు ముక్కలుగా తేలివస్తుంది. ఒక ముక్క మీసానికి తగలగానే మగది గాలికి ఎదురు ఎగురుతుంది. వాసన తప్పిపోతే ఎడమకు, కుడికి ఊగుతూ వెదకుతుంది. మళ్ళీ తగిలితే మళ్ళీ గాలికి ఎదురు. అంటే దానికి దారి చూపేది గాలి, వాసన చేసేది “ఇప్పుడు వెళ్ళు” అని చెప్పడమే.

ఈ రసాయన భాషలో అక్షరాలు మహా పొదుపైనవి. కర్బన పరమాణువులు పూసల వలె గుచ్చిన ఒక గొలుసు, అందులో ఒకటి రెండు చోట్ల జంటబంధం, చివరన ఒక తోక. పూసల లెక్క మారినా, జంటబంధం ఒక పూస అటూ ఇటూ జరిగినా మాట మారిపోతుంది, పిలుపు వేరొక జాతిది అవుతుంది. ఒక్కొక్కసారి ఒకే మాటను ఇరువురు వాడుకోవడమూ కద్దు. నూటికి పైబడిన రెక్కల పురుగుల జాతులు వాడే ఒక పదార్థాన్నే ఆసియా ఆడ ఏనుగు తన మూత్రం ద్వారా మగ ఏనుగును పిలవడానికి వాడుతున్నదని 1996లో బయటపడింది! ఏనుగుకూ పురుగుకూ పొత్తు కుదరదు కనుక ఎవరికీ నష్టం లేదు. అమెరికా ఖండాలలో ఒక సాలీడు ఉన్నది. అది గూడు అల్లదు. దారానికి ఒక జిగురు ముద్ద తగిలించి గాలం వలె పట్టుకొని, ఆడ చిలుక వాసనను తానే వెలువరిస్తూ కూర్చుంటుంది. ఆశపడి వచ్చిన మగది దానికి ఆహారం. మనిషి ఈ విద్యను కనిపెట్టానని గర్వపడడానికి ముందు ఆ సాలీడుకు ఒక నమస్కారం పెట్టాలి.

మనిషి ఈ విద్యను ఆశ్రయించవలసివచ్చిన కథలలో ఒకటి పట్టుతోనే మొదలైంది. ఫ్రాన్సు నుండి అమెరికాకు వలసపోయిన ఎట్యెన్ లియోపోల్డ్ ట్రూవెలో చిత్రకారుడు, పిదప ఖగోళ పరిశీలకుడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని మెడ్‌ఫోర్డ్‌లో తన ఇంటి వెనుక అడవిని వలలతో కప్పి, ‘పాలిఫీమస్’ అనే అమెరికా పట్టుచిలుకను లక్షలకొలది పెంచాడు. అది మన దసలి చిలుకకు దగ్గరి జ్ఞాతి, రెండింటిదీ ఒకే ప్రజాతి. అంతటితో తృప్తిపడక 1860వ దశకం చివరన ఐరోపా నుండి ‘జిప్సీ మాత్’ అనే రెక్కల పురుగును తెప్పించాడు. వాటిలో కొన్ని తప్పించుకొనిపోయాయి. పట్టు రాలేదు సరికదా, 1889 నాటికి మెడ్‌ఫోర్డ్ వీధులలో చెట్లన్నీ మోడులైనాయి. ఆ పురుగు ఇప్పటికీ అమెరికా తూర్పు అడవులను మేస్తూనే ఉన్నది. దాని ఫెరొమోన్‌ను 1970లో గుర్తించారు. దాడి అంచున ఉన్న అడవులపై విమానాల నుండి ఆ వాసన నింపిన చిన్న చిన్న పలుకులను చల్లే పథకం 2000 నుండి నడుస్తున్నది. అడవి అంతా ఆడ పురుగులే పిలుస్తున్నట్లు తోచి మగవి తికమకపడతాయి, నిజమైన ఆడవి జతలేక మిగిలిపోతాయి. ఆ జాతిలో ఆడది ఎగరలేదు. అందుచేత జతకట్టిన ఆడది మరొక చోటి నుండి ఎగిరివచ్చి గుడ్లు పెట్టే ప్రమాదం లేదు. పథకం ఫలించడానికి ఇది ముఖ్యమైన కారణం.

అదే టేకు విషయానికి వచ్చేసరికి పరిస్థితి తలక్రిందులవుతుంది. తొలకరికి టేకు లేతాకు వేయగానే దానిని మేసే ఒక గొంగళి పురుగు దండుగా వచ్చి పడుతుంది. వర్షాలు ముదిరిన తరువాత మరొక జాతి పురుగు ముదురాకును ఈనెలు మాత్రం మిగిల్చి జల్లెడ చేస్తుంది. చెట్టు చావదు, మళ్ళీ చిగురిస్తుంది. అందుచేత నష్టమేమీ లేదని అటవీ అధికారులు చాలాకాలం సరిపెట్టుకున్నారు. కేరళ అటవీ పరిశోధన సంస్థ వారు నీలంబూరు లేత తోటలలో సంవత్సరాల తరబడి కొలిచి చూసి, ఆకుమేత పురుగు వలన కలప పెరుగుదలలో 44 శాతం పోతున్నదని 1985లో ప్రకటించారు. ఈ పురుగు చిలుకలు గుంపులు గుంపులుగా వలస వచ్చి వాలుతాయి. జతకట్టడం ఎక్కడో పూర్తిచేసుకొని వచ్చిన ఆడదానికి ఈ తోటలోని మగవాడు తికమకపడితేనేమి, పడకపోతేనేమి? అందుచేత కేరళ శాస్త్రజ్ఞులు ఆ పురుగుకు మాత్రమే సోకే ఒక వైరస్ వైపు దృష్టి మరల్చారు. వాసన విద్య అన్ని తాళాలకూ సరిపడే తాళపుచెవి కాదు.

తోటపంటలన్నింటిలోనూ పిలిచేది ఆడదే అనుకోవడం కూడా పొరపాటు. కొబ్బరి ఆకును గీకే నల్లతల పురుగులో పిలుపు ఆడదానిదే. కాని అదే కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు చిలుక కాదు, పెంకు పురుగు. అందులో మగది వాసన వదలితే ఆడా మగా రెండూ వస్తాయి. అరకు లోయలోనూ, ఇటీవలి సంవత్సరాలలో బస్తర్ దర్భా కొండలలోనూ నాటిన కాఫీకి ప్రధాన శత్రువైన తెల్లకాండం తొలుచు పురుగు కూడా పెంకు పురుగే. దానిలోనూ మగవాడే వాసనతో కబురు పంపుతాడు.

తెలుగు రైతుకు ఈ విద్య ‘లింగాకర్షక బుట్ట’ రూపంలో పరిచయం. కర్రకు కట్టిన గరాటు, దాని క్రింద పొడవాటి ప్లాస్టిక్ సంచి, పైమూత నడుమ రబ్బరు బిరడా వంటి ఎర. ఆ బిరడాలో కొద్ది మిల్లీగ్రాముల వాసన పదార్థం ఉంటుంది. 1980వ దశకంలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు శనగపచ్చ పురుగు కోసం భారత ఉపఖండం పొడవునా ఇటువంటి బుట్టలు పెట్టించి రాకపోకలు లెక్కించారు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ ఈ పదార్థాలను తయారుచేసే పద్ధతులపై పనిచేసింది.

బుట్ట పెడితే పురుగు పోతుందని నమ్మిన రైతు మోసపోతాడు. బుట్టలో పడేవి మగవి. మిగిలిన ఒక మగది ఒకటికి మించిన ఆడవాటితో జతకట్టగలదు. బుట్ట అసలు ప్రయోజనం వార్త చెప్పడం. పత్తిలోని గులాబీ రంగు పురుగు సంగతే చూడండి. గుడ్డు పొదిగిన కొద్దిసేపటిలో పిల్లపురుగు కాయలోనికి దూరుతుంది. దూరిన రంధ్రం పూడుకొనిపోతుంది. పైకి కాయ నవనవలాడుతూ ఉంటుంది. పత్తి తీసేనాడు గాని నష్టం కనబడదు. మందు చల్లినా లోపలికి చేరదు. చిలుకలు ఎగిరే దినాలే చేతికి చిక్కే దినాలు. వరుసగా 3 రాత్రులు బుట్టకు 8 చిలుకల చొప్పున పడితే చర్య తీసుకోవలసిన సమయం వచ్చినట్లు లెక్క. పైరు కంటే అడుగు ఎత్తున బుట్ట ఉండాలి, నెలకొకసారి ఎర మార్చాలి, పాత ఎరను చేలో పారవేయరాదు. ఇవన్నీ చిన్న సంగతులే, తప్పేదీ ఇక్కడే.

ఈ పురుగు ఫెరొమోన్‌ను 1973లో గుర్తించారు. వాసనతో మగవాటిని తికమకపెట్టే పద్ధతికి అమెరికాలో 1978లో తొలి అనుమతి లభించింది కూడా దీని విషయంలోనే. జన్యుమార్పిడి పత్తి, వాసన, విమానాల నుండి వదలిన గొడ్డు చిలుకలు, పంట తీసిన వెంటనే మోళ్ళు దున్నివేయడం, వీటన్నింటినీ కలిపి ప్రయోగించి, తమ పత్తి చేలలో ఈ పురుగు నిర్మూలమైనదని 2018 అక్టోబరులో అమెరికా ప్రకటించింది. మన దేశంలో అదే దశాబ్దంలో అదే పురుగు రెండు విషజన్యువులు గల పత్తిని కూడా తట్టుకోవడం నేర్చుకొన్నది. ఇక్కడ లేనిది విజ్ఞానం కాదు. ఊరంతా ఒకే రోజున ఒకే పని చేసే అలవాటు లేదు. ఒక్క రైతు తన మూడెకరాలలో వాసన దారాలు కట్టుకుంటే, పక్క చేలో జతకట్టిన ఆడది గట్టు దాటి రావడానికి ఎంతసేపు? పురుగుమందు డబ్బా ఎవరికి వారు కొనుక్కోవచ్చు, వాసనను మాత్రం పదిమందీ కలిసి కొనుక్కోవాలి.

అయినా పురుగుమందుతో పని జరిగిపోతుంటే ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి జవాబు దసలి చెట్టు మీద ఉన్నది. గులాబీ రంగు పురుగు పిలుపు 16 కర్బనాల గొలుసు. జంటబంధాలు 7వ చోట, 11వ చోట ఉంటాయి. దసలి జ్ఞాతియైన పాలిఫీమస్ పిలుపులో ప్రధానమైన పదార్థం కూడా 16 కర్బనాల గొలుసే, తోక కూడా అదే. జంటబంధాలు 6వ చోట, 11వ చోట. ఒక్క పూస తేడా! పత్తిని పాడుచేసే పురుగుకూ పట్టునిచ్చే పురుగుకూ నడుమ రసాయన భాషలో ఉన్న ఎడం దాదాపు అంతే. మగవాని మీసం ఆ ఎడాన్ని ఎప్పుడూ పొరబడదు. పురుగుమందుకు ఆ తేడా తెలియదు. దాని దృష్టిలో ఆకు మేసే ప్రతిదీ ఒకటే. దసలి పురుగు కూడా ఆకు మేసే గొంగళి పురుగే కదా!

ఇది కాగితం మీది చింత కాదు. బస్తర్ నుండి ఇంద్రావతి వెంట దిగివస్తే గోదావరి, ప్రాణహిత సంగమ ప్రాంతం. ఇటువైపు మహాదేవపూర్, చెన్నూరు అడవులు. ఇక్కడి దసలి గుగ్గిలం మీద కాక మద్ది చెట్ల మీద పెరుగుతుంది, దీనిని శాస్త్రజ్ఞులు ‘ఆంధ్రా లోకల్’ అనే ప్రత్యేక రకంగా గుర్తించారు. రైతులు పిల్లపురుగులను చెట్లకెక్కించి, పిట్టలు, చీమలు, కందిరీగలు, బల్లుల నుండి నెలకు పైగా పగలూ రాత్రీ కాపలా కాస్తారు. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి మరొక చెట్టుకు తగిలిస్తారు. ఎండనక వాననక కాచిన ఆ పంటను తెచ్చి అమ్మితేనే వారికి ఆ ఏడు చేతిలో డబ్బు.

అదే నేల పత్తికి కూడా పేరుపొందింది. చెన్నూరు, కోటపల్లి వైపు మద్ది చెట్లున్న అడవి అంచు వరకు పత్తి చేలు వచ్చాయి. క్యాలెండరు చూస్తే చిక్కు మరింత స్పష్టపడుతుంది. దసలి రెండవ పంట పురుగులు చెట్ల మీద మేసే కాలం సెప్టెంబరు నుండి నవంబరు వరకు. గులాబీ రంగు పురుగు పత్తిలో విజృంభించేది అక్టోబరు, నవంబరు నెలలలో. అంటే చేను గట్టుకు అటువైపు రైతు పురుగును చంపడానికి మందు డబ్బా భుజాన వేసుకొనే వారాలలోనే, ఇటువైపు రైతు పురుగును బ్రతికించడానికి చెట్ల క్రింద మేలుకొని ఉంటాడు. గాలి ఏ వైపు వీచినా మందు తుంపర కొంత కొట్టుకొనిపోతుంది. మద్ది ఆకు మీద అది వాలిందో లేదో కంటికి కనిపించదు. పురుగు మేత మాని, కొమ్మ నుండి తలక్రిందుగా వ్రేలాడిననాడు గాని తెలియదు.

పత్తి మొక్కకు కట్టిన వాసన దారం నుండి వెలువడేది కూడా ఆ గాలిలోనే మద్ది చెట్ల మీదికి పోతుంది. ఆకు మీది గొంగళి పురుగుకు దానితో పని లేదు. రాత్రి ఎగిరే దసలి మగవాని మీసానికి అది తగిలినా, తన జాతి మాట కాదు కనుక లెక్కచేయదు. ఆ చీకటిలో రెండు జాతుల పిలుపులు ఒకే గాలిలో కలిసి ప్రవహిస్తుంటాయి. ఏది ఎవరికో వాటికి తెలుసు.